ల్యాబ్‌లో ఆగిపోయిన ఆ చెల్లెమ్మకు

నిన్న సాయంత్రం తమ్ముడు కళ్ళు తెరిచి "అన్నయ్యా" అన్నాడు. మలేరియా మెదడుకెక్కి మనిషిని గుర్తుపట్టలేని స్థితి నుంచి బయటపడ్డాడు. నిద్ర లేక వేళ్ళు వణుకుతున్నాయి, అయినా ఇది ఇప్పుడే రాయాలి.

పాడేరు ఏజెన్సీలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి గురించి. మొదటి స్లయిడ్‌లో ఏమీ కనబడలేదు. డ్యూటీ ముగించుకుని బ్యాగు భుజాన వేసుకున్న ఆమె, చలితో కొట్టుకుపోతున్న మావాణ్ణి చూసి ఆగింది. "ఒక్కసారి కనబడలేదంటే లేదని కాదన్నయ్యా" అంటూ మళ్ళీ వేలు గుచ్చి రక్తం తీసింది. ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. రంగు వేసిన గాజుపలకను మైక్రోస్కోపు కింద వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ చాలాసేపు వెతికి, నన్ను పిలిచి చూపించింది. ఎర్రకణాల్లో సన్నని ఉంగరాలు, ఒక్కోదానికి ఒక చుక్క. ఫాల్సిపారం, మెదడుకెక్కే ప్రమాదమున్న మలేరియా రకం. ఆ రాత్రే ఆర్టిసునేట్ ఇంజక్షన్లు మొదలయ్యాయి.

జ్వరం దిగాక ప్రైమాక్విన్ మాత్రలిచ్చారు. ఇంకా ఎందుకని అడిగితే ఆమే చెప్పింది: "ఇవి మీ తమ్ముడి కోసం కాదన్నయ్యా, ఊళ్ళోవాళ్ళ కోసం." దోమ పుట్టుకతో మలేరియాను మోసుకురాదట. రోగిని కుట్టిన ఆడ అనాఫిలిస్ కడుపులో ఆ క్రిమి పది రోజులో ఇంకా ఎక్కువో పెరిగి, లాలాజలంలోకి చేరాకే మరొకరికి ఎక్కుతుంది. రోగి నుంచి దోమకు చేరే ఆ క్రిమి రూపాన్ని రోగి రక్తంలోనే చంపేది ఈ మందు. తాను ఎన్నడూ చూడని ఊరి పిల్లల గురించి ఆమె అలా మాట్లాడుతుంటే నాకు ఏడుపు ఆగలేదు.

అమ్మ, మరదలు పక్కనే ఉన్నారు, వాళ్ళ సంగతి వేరే చెప్పాలా.

ఒక బాధ మాత్రం చెప్పుకోవాలి. తమ్ముడు పాఠాలు చెప్పే ఊరు గెడ్డ పక్కనే. మెల్లగా పారే అలాంటి నీళ్ళే మలేరియాను మోసే ఫ్లూవియాటిలిస్ అనే అనాఫిలిస్ దోమకు పుట్టిల్లు. అది తెలిసి కూడా ఈసారి వానలకు ముందు ఇళ్ళ గోడలకు మందు కొట్టలేదు. ఆశా కార్యకర్త దగ్గర పరీక్ష కిట్లు అయిపోయాయి. పట్నంలో క్లినిక్‌వాళ్ళు రక్తం చూడకుండానే టైఫాయిడ్ అని సెలైన్ ఎక్కించి పంపేశారు. దోమ కడుపులో ఈ క్రిమిని రోనాల్డ్ రాస్ చూసింది 1897లో, మన సికింద్రాబాద్‌లోనే. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒక రక్తపరీక్షకు ఇంత దేవులాడాలా?

అయ్యో, డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చిన ఊరివాళ్ళను రాయనే లేదు. వాళ్ళకు, ఘాట్‌లో జాగ్రత్తగా తెచ్చిన 108 డ్రైవర్ గారికి, వేడినీళ్ళు తెచ్చిచ్చిన వార్డు ఆయమ్మకు నమస్కారాలు. రక్తం ఇస్తామన్న మిత్రులందరికీ: ఎక్కించాల్సిన అవసరం రాలేదు.