నైట్రోజన్ కదిలిందిరా!

తార్నాక, హైదరాబాద్
ఆదివారం రాత్రి

ఒరేయ్ శ్రీనూ,

జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు తిట్టుకో, పడతాను. ఇక్కడందరం బాగున్నాం. అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గింది, చిన్నోడికి బీటెక్ సీటొచ్చింది, అద్దె మళ్లీ పెరిగింది. సరే, అసలు సంగతికొస్తా. ఇది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

రోజూ గనిలో దిగేవాడికి బొగ్గు పాఠమేంటి అనకు. గాల్లో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలని నాకు చెప్పింది నువ్వే కదా. ఆ మీథేన్ బొగ్గులోంచి బయటికెలా వస్తుందో లెక్కగట్టడమే ఇప్పుడు నా పని. అది చాలావరకు సూక్ష్మరంధ్రాల గోడలకి అంటుకుని ఉంటుంది. పీడనం తగ్గితే గోడ వదిలి, లోపల్లోపలే మెల్లగా పాక్కుంటూ క్లీట్లలోకి చేరుతుంది. అదేరా, పెళ్ల విరిస్తే వరసగా కనిపించే ఆ సన్నటి చీలికలు. అక్కణ్ణుంచి పీడనం ఎటు తోస్తే అటు పారుతుంది. పాకడానికి ఫిక్ సూత్రం (గ్యాసు ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పోతుందని), పారడానికి డార్సీ సూత్రం (పీడనం తేడాని బట్టి పారుతుందని).

ఇదంతా ఒకే గ్యాసైతే. కలిస్తేనే తమాషా! కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తే బొగ్గు మీథేన్‌ని వదిలేసి దాన్ని పట్టుకుంటుంది, ఉబ్బుతుంది, చీలికలు ఇరుకైపోతాయి. అమెరికాలో శాన్ హువాన్ బేసిన్‌లో 1995లో ఎక్కించడం మొదలుపెడితే బావులు గ్యాసు తీసుకోవడమే తగ్గిపోయింది. అది ఇంకో పెద్ద కథ, తర్వాత రాస్తా.

మొన్న పెద్ద రంధ్రాల వరకే తీసుకుని ప్రోగ్రాం నడిపాను. ఒక పక్క కార్బన్ డయాక్సైడ్, ఇంకో పక్క మీథేన్, రెండు పక్కలా నైట్రోజన్ సమానంగా. తేడా లేదు కాబట్టి ఫిక్ ప్రకారం నైట్రోజన్ ఉన్నచోటే ఉండాలి. స్క్రీన్ మీద చూస్తే దాని గీత మెల్లగా వంగుతోంది! పక్క సీట్లో అక్క "మైనస్ గుర్తు చూసుకో" అంది. చూశాను. లెక్కకి గీసిన గళ్లు (గ్రిడ్) సన్నం చేశాను, ఒక్కో అడుగుకి తీసుకునే సమయం (టైమ్ స్టెప్) తగ్గించాను. అయినా వంగుతుంది. మొత్తం గ్యాసు లెక్క మాత్రం ఎక్కడా తేడా రావట్లేదు.

శ్రీనూ, ఇది 1962లోనే ప్రయోగం చేసి చూపించార్రా, డంకన్, టూర్ అని ఇద్దరు. రెండు బుడ్లు, మధ్యలో సన్నటి గొట్టం. ఒకదాంట్లో నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ సగం సగం. రెండోదాంట్లో నైట్రోజన్, హైడ్రోజన్ సగం సగం. నైట్రోజన్ కార్బన్ డయాక్సైడ్ వైపు నుంచి హైడ్రోజన్ వైపుకి కదిలింది. అటు ఎక్కువైపోతున్నా ఇంకా అటే ఎక్కింది, చాలాసేపటికి గానీ వెనక్కి మళ్లలేదు. కారణం రాపిడి. బేగంపేటలో నువ్వు దిగాల్సిన పనే లేకపోయినా ఎంఎంటీఎస్ లోకల్ రైలు గుంపు నిన్ను ప్లాట్‌ఫామ్ మీదకి లాక్కుపోలా? అదీ ఇక్కడ జరిగింది. (జిలేబీ పొట్లం సంగతి వదినకి చెప్పనులే.) హైడ్రోజన్ తేలిగ్గా పక్కనుంచి జారిపోతుంది, బరువైన కార్బన్ డయాక్సైడ్ మాత్రం పోతూ పోతూ నైట్రోజన్‌ని ఈడ్చుకుపోతుంది. మాక్స్‌వెల్ 1860ల్లో, స్టెఫాన్ 1871లో రాసిన సమీకరణాల్లోనే ఇదంతా ఉంది. నా లెక్కలో వంపు చాలా చిన్నది, ఎందుకంటే మీథేన్ హైడ్రోజనంత తేలిక కాదు. కానీ ఉంది! ఆ రాత్రి పట్టలేని ఆనందంతో తార్నాక చౌరస్తా దాకా నడిచి, ఒక్కణ్ణే రెండు టీలు తాగొచ్చాను.

ఇకమీదట కలిసిన గ్యాసుల్ని దేనికది విడగొట్టి ఫిక్‌తో సరిపెట్టేస్తే నేను ఒప్పుకోను. బయటికొచ్చే గాల్లో ఏది ఎంతుందో తేలాలి కదా, దాన్ని పీల్చేది మీరు. పోయిన ఉత్తరంలో నువ్వు ఆ రాత్రి షిఫ్టు గురించి రాసింది చదివి నేను... వద్దులే, ఫోన్లో మాట్లాడదాం. గ్యాసు కొలిచే మీటరు మాత్రం వదిలి వెళ్లకు.

ఒక పని చేసిపెట్టు. ఏదైనా పెళ్ల పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి పంపు, చీలికల మధ్య దూరం కావాలి. పొడుగు చీలికలే కాదు, వాటికి అడ్డంగా పొట్టివి ఉంటాయే, అవి కూడా స్పష్టంగా పడాలి. పొద్దుటి పూట వెలుతురైతే... వాచ్‌మన్ తాళాలు పట్టుకుని వచ్చేశాడు, ఉంటానురా.

నీ
రవి