మోకాలి పట్టీతో గుజ్జు పెరగదు, తప్పుగా వాడితే చర్మం కాలుతుంది

సంపాదకులకు,

మోకాళ్లలో గుజ్జు అరిగిందని డాక్టరు చెప్పగానే చాలామంది చేయి మొదట మూలికల పట్టీ మీదికే వెళ్తుంది. పట్టీతో ఉపశమనం ఉండదని మేము అనం. కానీ ‘అరిగిన గుజ్జు మళ్లీ పెరుగుతుంది’ అనే ప్రచారం నమ్మదగింది కాదు. చర్మం మీద అంటించిన ఏ మూలికా ఆ పని చేసినట్టు రుజువు లేదు. పట్టీ ఇచ్చేది కొన్ని గంటల తెరిపి. అదీ సరిగ్గా వాడితేనే.

పెట్టె మీద వావిలాకు, సల్లకి, రాస్న బొమ్మలు ఎన్ని ఉన్నా, అంటించగానే తెలిసే గుణం ఎక్కువగా నాలుగింటిది: పిప్పరమెంటు పువ్వు, కర్పూరం, గంధపుర తైలం, మిరప ఘాటు. పిప్పరమెంటు పువ్వు చలిని పసిగట్టే నరాల కొసలను తట్టి నొప్పిని మరిపిస్తుంది. గంధపుర తైలంలో ఉండేది మిథైల్ శాలిసిలేట్, ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. మిరపలోని క్యాప్సైసిన్ తీరు వేరు. మొదట మంట పెడుతుంది, రోజూ వాడుతూ పోతే నొప్పిని మోసే నరాల కొసలు మొద్దుబారి నొప్పి తగ్గుతుంది. అందుకు రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. రెండు రోజులు అంటించి, మంటకు భయపడి మానేసినవాళ్లకు దక్కేది ఆ మంట ఒక్కటే. అమెరికా కీళ్లవైద్యుల సంఘం 2019 మార్గదర్శకాల్లో మోకాలికి నొప్పి, వాపు తగ్గించే డైక్లోఫెనాక్ లాంటి పైపూత మందులకు గట్టి సిఫారసు ఉంది, క్యాప్సైసిన్‌కు షరతులతో కూడిన సిఫారసే. తుంటి కీలు మరీ లోతున ఉంటుంది కాబట్టి అక్కడ ఈ పైపై వైద్యం మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక విశాఖ ఉక్కపోత. పట్టీ ఊడిపోతోందని, కింద చర్మం పొక్కుతోందని వచ్చే ఫిర్యాదులకు సగం కారణం చెమటే. పొద్దున బీచ్ రోడ్డు నడకకు ముందు కాకుండా, సాయంత్రం స్నానం చేసి గంట గడిచాక, ఫ్యాను కింద కూర్చుని అంటించండి. వేడినీళ్ల స్నానం అయిన వెంటనే అంటిస్తే మందు ఎక్కువగా లోపలికి దిగి మంట పెరుగుతుంది. మోకాలి మీద నూనె, పౌడరు ఉండకూడదు. వెంట్రుకలు అడ్డమైతే కత్తెరతో పొట్టిగా కత్తిరించాలి తప్ప బ్లేడు పెట్టకూడదు. కంటికి కనపడని గాట్లలోకి మిరప ఘాటు దిగితే ఇక నిద్ర ఉండదు.

కొత్త పట్టీ అయితే మొదటిసారి గంటసేపే ఉంచి చర్మం చూసుకోండి. మోకాలిని కొద్దిగా వంచి అంటించాలి. కాలు చాపి అంటిస్తే, కూర్చున్నప్పుడల్లా పట్టీ చర్మాన్ని లాగి అంచుల దగ్గర బొబ్బలు తెస్తుంది. మోకాలి చిప్ప మీద అడ్డంగా వద్దు. ఎక్కువమందికి నొప్పి మోకాలి లోపలి వైపు (రెండో కాలి వైపు) ఉంటుంది కనుక అక్కడే వేయాలి. ఎంతసేపు ఉంచాలో పెట్టె మీద ఉంటుంది. చాలావాటికి ఎనిమిది గంటలే హద్దు. తీసేటప్పుడు అంచులకు కొబ్బరినూనె రాసి, చర్మాన్ని ఒక చేత్తో బిగబట్టి, వెంట్రుకల వాలున మెల్లగా లాగాలి. మిరప పట్టీ ముట్టిన చేతికి నీళ్లు చాలవు, ఆ ఘాటు నీళ్లలో కరగదు. ముందు నూనె, తర్వాత సబ్బు.

కాలిన గాయాలకు ఎక్కువగా దారితీసే పొరపాటు మరొకటి ఉంది. పట్టీ మీద మోకాలి తొడుగు (నీ క్యాప్) బిగించడం, వేడినీళ్ల సంచి పెట్టడం. రెండూ మందును ఒక్కసారిగా లోపలికి నెడతాయి. ఇలాంటి పైపూత మందులతో చర్మం కాలిన సంఘటనలపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లోనే హెచ్చరించింది. షుగరు వల్ల కాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లకు మంట తెలియదు, అప్పటికే బొబ్బ లేచి ఉంటుంది. గుండె కవాటం మార్పిడి తర్వాత వార్ఫరిన్ లాంటి, రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా గంధపుర తైలం పట్టీ వాడొద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఆస్పిరిన్ పడనివాళ్లకూ అంతే.

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడవడానికి పట్టీ వేసుకుని బయలుదేరడం మాకు అసలు నచ్చని పని. నొప్పి కప్పబడుతుంది, కీలు మీద భారం మాత్రం తగ్గదు. పట్టీ ఇచ్చిన ఆ రెండు మూడు గంటలను తొడ కండరాల వ్యాయామానికి వాడుకోవాలి. పడుకుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, కిందికి నొక్కి అయిదు సెకన్లు ఆపి వదలాలి. పదిసార్లు చొప్పున మూడు విడతలు చాలు. మోకాలు వేడెక్కి ఎర్రగా వాచినా, జ్వరం ఉన్నా, పిక్క వాచినా పట్టీ జోలికి పోకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

ఆయుర్వేద మందు పెట్టె మీద ప్రతి పదార్థం పేరు, పరిమాణం, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు ఉండాలని ఔషధ నిబంధనల్లోని 161వ నిబంధన చెబుతోంది. పరిమాణాలు లేని పెట్టెను కొనకండి. ఔషధ తనిఖీ అధికారులు దుకాణాల్లో దీన్ని చూడాలి. తయారీదారులు కనీసం వాడే విధానం, హెచ్చరికలు తెలుగులో పెద్ద అక్షరాల్లో వేయాలి. వీటిని వాడేవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లు, చత్వారం కళ్లద్దాలతోనూ ఆ ఇంగ్లీషు చీమల బారు చదవలేరు.

వాడేసిన పట్టీని జిగురు లోపలికి వచ్చేలా మడిచి చెత్తబుట్టలో వేయండి. కర్పూరం పసిపిల్లల నోట్లోకి పోతే ఫిట్స్ రావచ్చు.

– ఒక ఫార్మసిస్టు, ఒక ఫిజియోథెరపిస్టు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం