నీ పాత లాప్‌టాప్ గురించి

బుజ్జమ్మా,

ఉత్తరం చూసి కంగారు పడకు, అంతా బాగానే ఉన్నాం. ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నా నాన్నా" అంటున్నావు, అలా పదకొండు రోజులైంది, అందుకని రాస్తున్నాను. పెద్ద విషయమేం కాదు, నీ బీటెక్ నాటి లాప్‌టాప్ సంగతి. నువ్వు ఆఫీసు లాప్‌టాప్ తిరిగి ఇచ్చేశావని బుల్లత్త ఏదో అంది. నేను పట్టించుకోలేదు. 2014లో హుద్‌హుద్‌కి ట్యాంకు మూత ఎగిరిపోతే మన మేడే ఎగిరిపోయిందని గాజువాకంతా చెప్పిన మనిషి కదా.

ఖాళీగానే ఉన్నాను, దానికి ర్యామ్ పెంచుదామనుకున్నాను. 4 జీబీ మీద క్రోమ్ తెరిస్తే ఫ్యాన్ మా ప్లాంటు బ్లోయర్‌లా అరుస్తోంది. ద్వారకానగర్‌లో ఒక కొట్టు కుర్రాడు నల్ల రేకు తొడిగిన 8 జీబీ స్టిక్ అంటగట్టాడు, గేమింగ్‌దట, మీద వేగం 3200 అని ఉంది. ఇంటికొచ్చి టాస్క్ మేనేజర్‌లో చూద్దును కదా, 2133! పాతది ఒక్కటే ఉన్నప్పుడు 2400 చూపించేది, కొత్తది వచ్చి దాన్ని కూడా కిందకి లాగింది. మళ్లీ బస్సెక్కాను, ఎన్ఏడీ దగ్గర అరగంట ట్రాఫిక్. "బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేసుకోండి అంకుల్" అన్నాడు. బయోస్‌లో, అంటే విండోస్ రాకముందు తెరుచుకునే సెట్టింగుల్లో, ఏముంది నా తలకాయ, తేదీ, పాస్‌వర్డ్, ఏ డిస్క్ నుంచి బూట్ అవ్వాలో, అంతే, మిగతాదంతా చేసినవాడే తాళం వేసేశాడు. వాడితో వాదించి, ఇంటికొచ్చి రాత్రంతా చదివితే తేలిందేమిటంటే, ప్రతి స్టిక్ మీదా ఎస్‌పీడీ అని చిన్న చిప్ ఉంటుంది, అందులో దాని వేగాల పట్టిక ఉంటుంది. జెడెక్ అని అన్ని కంపెనీలూ పాటించే ప్రమాణంలో రాసిన వేగాలైతే లాప్‌టాప్ తనంతట తనే చదువుకుంటుంది, ఎక్స్‌ఎంపీ అని దానికి మించి పెంచి రాసిన వేగం మాత్రం మనం ఆన్ చేస్తేనే వస్తుంది. వాడిచ్చినదానికి 3200 అనేది ఎక్స్‌ఎంపీ, 1.35 వోల్టుల మీద. జెడెక్ పట్టిక 2133 దగ్గరే ఆగిపోయింది. పైగా నీ 8వ తరం ఐ5 ఎలాగూ 2400 దాటదు. స్పీడ్ గవర్నర్ బిగించిన లారీకి రేసు టైర్లు వేసినట్టయింది నా పని. మనకి కావలసింది 1.2 వోల్టుల మామూలు పచ్చ స్టిక్, రేకూ వద్దు, రంగుల లైట్లూ వద్దు.

ఏదైనా కొనేముందు, మానేసేముందు, లోపల ఏం రాసుందో చదువుకోవాలి. మానేసేముందు అంటే ఉద్యోగం అని కాదు, మాటవరసకి అన్నాను. ఒకవేళ అలాంటిదేమైనా ఉన్నా కోపంలో ఏ కాగితం మీదా సంతకం పెట్టకు, పీఎఫ్ డబ్బు ముట్టుకోకు, రాత్రి అన్నం మానేయకు. మీ అమ్మ సున్నుండలు కట్టింది, రమణ బాబాయి ఆదివారం హైదరాబాద్ వస్తున్నాడు, స్టేషన్‌కి వెళ్లి తీసుకో. చలికి స్వెట్టర్ కూడా పెట్టించాను, వేసుకో, ఊరికే బీరువాలో పెట్టకు.

ఆ స్టిక్ ఎలాగో మార్పించుకుంటాను. స్లాట్లు రెండే. పాత 4 ఉంచి 8 వేస్తే 12, పాతది తీసేసి ఒకే రకం జత వేస్తే 16. ఎప్పుడో ఒకసారి సినిమా చూసుకోవడానికైతే 12 చాలు. రోజూ దాని మీదే పని చేసుకోవాల్సి ఉంటే 16 వేయిస్తాను. ఎంత వేయించమంటావో ఆ ఒక్క అంకె పంపు, ఇంకేమీ అడగను.

నాన్న