షార్ట్ ఫిల్మ్ చూపిస్తే చాలదు, ఆపాల్సిన చోట ఆపాలి

సంపాదకులకు నమస్కారం.

తోటి పిల్లలను ఏడిపించడం గురించి బడుల్లో షార్ట్ ఫిల్ములు చూపించడం మంచి ప్రయత్నమే. కానీ అన్ని తరగతులనూ హాల్లో కూర్చోబెట్టి, సినిమా వేసి, చివర్లో ఓ పెద్ద మనిషి చేత నీతులు చెప్పిస్తే ఫలితం ఉండదు. అంతమందిలో ఏ పిల్లా నోరు విప్పదు. ఈ పని క్లాసులోనే జరగాలి, ఆ పిల్లల సంగతులు తెలిసిన టీచరే చెయ్యాలి.

45 నిమిషాల పిరియడ్‌కు 8 నుంచి 10 నిమిషాల సినిమా చాలు. దాన్ని ఏకబిగిన చూపించకండి. పక్కన నిలబడి చూస్తున్న పిల్లవాడు అటో ఇటో తేల్చుకోవాల్సిన చోట పాజ్ చెయ్యండి. వెంటనే చేతులెత్తమంటే మొదట మాట్లాడిన ఇద్దరు ముగ్గురి మాటే క్లాసు మాట అయిపోతుంది. అందుకే ముందు రెండు నిమిషాలు, పేరు లేకుండా, ఎవరికి వాళ్లను రాయనివ్వండి: ‘ఇప్పుడు ఇతనేం చేస్తాడు? ఎందుకు?’ ‘ఏం చెయ్యాలి?’ అని అడిగితే టీచరుకు నచ్చే జవాబులే వస్తాయి. ‘ఏం చేస్తాడు?’ అంటే ‘నోరు మూసుకుంటాడు, లేకపోతే రేపు వాడి వంతు’ లాంటివి బయటికొస్తాయి. అసలు చర్చ అక్కడ మొదలవుతుంది. ఆ తర్వాత ఇద్దరిద్దరుగా మాట్లాడించి, చివరికి క్లాసంతటితో మాట్లాడండి.

చూస్తూ నిలబడ్డవాళ్ల మీదే ఎందుకింత పట్టు అంటే, 2001లో అచ్చయిన ఒక కెనడా అధ్యయనం బడి ఆవరణల్లో వీడియో తీసి పరిశీలించింది. వేధింపు జరిగిన సందర్భాల్లో 88 శాతం చోట తోటి పిల్లలు అక్కడే ఉన్నారు. వాళ్లు కల్పించుకున్నది 19 శాతం చోటే. కల్పించుకున్నప్పుడు మాత్రం సగానికి పైగా సార్లు 10 సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది. అలాగని అడ్డుపడటం ఒక్కటే దారి అని పిల్లలకు చెప్పకూడదు. నవ్వకుండా ఉండటం, ‘రా, ఆడుకుందాం’ అని ఆ పిల్లను పక్కకు తీసుకెళ్లడం, తర్వాత వెళ్లి పక్కన కూర్చోవడం, టీచరుకు చెప్పడం, అన్నీ బోర్డు మీద రాయించండి. ఒక్కోదానికి ఏ భయం అడ్డొస్తుందో కూడా వాళ్లనే చెప్పనివ్వండి. ‘చాడీలు చెప్పాడంటారు’ అన్న భయం తప్పకుండా వస్తుంది. చెప్పింది ఎవరో బయటపెట్టబోమని టీచర్ అప్పుడే మాటివ్వాలి, నిలబెట్టుకోవాలి.

సినిమా ఎంపికలోనే చాలామంది పొరబడుతున్నారు. వేధింపులకు గురైన పిల్ల చివర్లో పోటీలో గెలిచి అందరి మెప్పూ పొందే కథలు వద్దు. గెలిస్తేనే గౌరవం అన్న అర్థం వస్తుంది. ఆత్మహత్య చూపించేవి అసలే వద్దు. సినిమాలోని వెక్కిరింత పేరు మర్నాటికి క్లాసులో ఎవరికో అంటుకుంటుంది. అందుకే ముందుగా ఒంటరిగా చూసి, మీ క్లాసును కళ్లముందు పెట్టుకోండి. సినిమాలో నత్తి ఉన్న పిల్లవాడు, క్లాసులో నత్తి ఉన్న పిల్లవాడు ఉంటే ఆ సినిమా పక్కన పెట్టాల్సిందే.

ఏడిపించే సీనుకు పిల్లలు నవ్వితే కసరకండి. సౌండ్ తీసేసి అదే సీను మళ్లీ వేసి, చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు మాత్రమే చూడమనండి. రెండోసారి నవ్వు చాలావరకు తగ్గుతుంది.

‘మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?’ అని నలుగురి ముందూ అడగొద్దు. చివర్లో అందరికీ చీటీలిచ్చి, అందరూ ఏదో ఒకటి రాసేలా చూడాలి. చెప్పుకోవాల్సిన పిల్ల అప్పుడు విడిగా కనబడదు. చివరి పిరియడ్‌లో ఈ క్లాసు పెట్టొద్దు, కలతపడ్డ పిల్ల అలాగే ఇంటికి వెళ్లిపోతుంది. చీటీలో ఏదైనా బయటపడితే ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి రాజీ చేయించడం పెద్ద తప్పు. బలం ఒకవైపే ఉన్నప్పుడు రాజీ అంటే బలహీనుడు మళ్లీ తల వంచడమే. విడివిడిగా మాట్లాడాలి, వారం తర్వాత మళ్లీ కనుక్కోవాలి.

ఆ చీటీలు ఎవరు చదువుతారో, చదివాక ఏం చేస్తారో సినిమా వెయ్యకముందే బడి తేల్చుకోవాలి. అది తేలకపోతే ఆ రోజుకు సినిమా వెయ్యకపోవడమే మేలు.

– కొందరు ఉపాధ్యాయులు