కెండో (జపాన్ కత్తి విద్య) క్లబ్ ఈ ఏడాది జమా ఖర్చుల వివరణ

సభ్యులకు, పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం. బోగుల (సాధనలో ఒంటికి తొడిగే రక్షణ కవచాల) డబ్బు ఏమైందని సాధన అయ్యాక గుమ్మం దగ్గర గుసగుసలు నడుస్తున్నాయి. అది కమిటీనే అడగొచ్చు. అడక్కపోయినా చెబుతున్నాం. అసలు మొత్తాలు రసీదు నంబర్లతో సహా డోజో (సాధన హాలు) నోటీసు బోర్డు మీద ఉన్నాయి. ఇక్కడ సులువుగా ఉంటుందని మొత్తం జమను 100గా లెక్కేశాం.

జమ: సభ్యత్వ రుసుములు 61, విరాళాలు 27, కొత్తవాళ్ల ప్రవేశ రుసుము 12.

ఖర్చు: హాలు అద్దె 22. షినాయ్‌లు (సాధనకు వాడే వెదురు కత్తులు), మరమ్మతు సామాను 9. గ్రేడింగ్‌కు వచ్చిన పరీక్షకుల ప్రయాణం 6. ప్రథమ చికిత్స, చిల్లర 3. బోగులు 54.

నిల్వ: 6.

అద్దె, ప్రయాణం, చిల్లర పద్దుల మీద ఎవరికీ పేచీ లేదు. షినాయ్‌ల గురించి మాత్రం ఒక్క మాట. నాలుగు వెదురు బద్దల్లో ఒక్కటి చీలినా, కొసన ఉండే తోలు తొడుగు చిరిగినా, ఆ పుల్ల మెన్ (తలకు, ముఖానికి పెట్టుకునే కవచం) కడ్డీల సందులోంచి దూరి కంటికి తగలొచ్చు. అందుకే పాతవాటిని అతికించి వాడకుండా పక్కన పడేశాం. దాన్ని దుబారా అన్నవాళ్లూ ఉన్నారు. అననివ్వండి.

ఇక 54 సంగతి. ఇంత పెడితే నాలుగు సెట్లేనా, ఆన్‌లైన్‌లో ఇదే డబ్బుకు ఎనిమిది వస్తాయి కదా అన్నారు. వస్తాయి, మేమూ చూశాం. ఒక సభ్యుడు సొంతానికి కొనుక్కున్న అలాంటి సెట్టునే అడిగి తెచ్చి పరీక్షించాం. నెత్తి మీది మెత్తను రెండు వేళ్ల మధ్య నొక్కితే ఒక వేలికి రెండోది తెలిసిపోతోంది. కోతె (చేతి తొడుగు) అరచేతి తోలు అప్పటికే పల్చబడి వెలుతురు కనిపిస్తోంది. రోజూ మెన్ మీద వందల దెబ్బలు పడే చోట అలాంటివి ఎనిమిదీ పిల్లలకు తొడిగించడం కన్నా, గట్టివి నాలుగు కొని వంతులవారీగా వాడుకోవడమే మేలనుకున్నాం. మళ్లీ అడిగినా ఇదే చెబుతాం. క్లబ్బు పాత మెన్‌లలో కడ్డీలు వంగినవాటిని వెల్డింగ్ చేయిస్తే సరిపోయేదని ఒక పెద్దాయన సలహా. ఆయన మీద గౌరవం ఉంది కానీ, అలా చేయించి ఒకరి పిల్లాడి ముఖానికి పెట్టే ధైర్యం మాకు లేదు.

బోగులు ఆలస్యంగా రావడానికి కారణం సైజు. నుదుటి చుట్టుకొలత, నడినెత్తి నుంచి గడ్డం కింది మీదుగా ఇంకో కొలత, రెండూ టేపుతో తీసి పంపాం. అయినా రెండు మెన్‌లు చిన్నవి వచ్చాయి. పై నుంచి 6, 7 కడ్డీల మధ్య సందు కాస్త వెడల్పుగా ఉంటుంది, చూపు అందులోంచే సాగాలి. తొడిగి చూస్తే మా అమ్మాయిల్లో ఒకరి కళ్లు ఆ సందుకు పైన నిలిచాయి. ఎదుటివారిని చూడాలంటే తల వెనక్కి వాల్చాలి, అప్పుడు గొంతుకు అడ్డుండే భాగమూ పైకి లేస్తుంది. ఉంచేసుకుందామని కొందరన్నారు, మేం వెనక్కి పంపాం. దాంతో రెండు నెలలు పోయాయి. తిప్పి పంపిన రవాణా ఖర్చు ఈ 54లోనే ఉంది. సగం భరిస్తామని సరఫరాదారు రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. అది అందగానే వచ్చే లెక్కలో జమ చూపిస్తాం.

అడగకుండానే విరాళమిచ్చిన వారందరికీ చేతులెత్తి దండం. ఒకరైతే పేరు కూడా రాయొద్దన్నారు. మరి వార్షిక సాధన రోజున లేచి నిలబడి మొత్తాలు ప్రకటించిన వారిలో ముగ్గురి నుంచి ఇంకా పైసా రాలేదు. చప్పట్లు మాత్రం ఆ రోజే కొట్టేశాం. ఆ మూడూ వస్తే ఐదో సెట్టు వస్తుంది, పేర్లు చెప్పించుకోకండి.

క్లబ్బు బోగు వాడేవాళ్లు తలకట్టు గుడ్డ సొంతంది తెచ్చుకోవాలి. కోతెలను సంచిలో కుక్కకుండా నీడలో, గాలి తగిలేలా ఆరబెట్టాలి. షినాయ్‌ను ప్రతి సాధనకూ ముందు వేలితో తడిమి చూసుకోవాలి.

రసీదుల ఫైలు ఈ శనివారం సాధన తర్వాత కోశాధికారి దగ్గర ఉంటుంది. చూడదలచినవాళ్లు చెమట తుడుచుకుని రండి, పోయినసారి రెండు రసీదులు తడిసి అంకెలు అలుక్కుపోయాయి.