వార్షిక నివేదిక: ఆటిజం పిల్లల తల్లిదండ్రుల సంఘం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన ఆదివారం సమావేశాల్లో ఎక్కువసార్లు విన్న మాట: "నా వల్లే ఇలా అయిందా?" కడుపుతో ఉన్నప్పుడు సరిగ్గా తినలేదనో, గ్రహణం రోజు బయటికొచ్చాననో తమను తాము తిట్టుకునే తల్లులు మనలో చాలామంది. అందుకే ముందు దీని గురించే మాట్లాడాం.

ఆటిజానికి మూలం చాలావరకు జన్యువుల్లోనే ఉంది. పెద్దబిడ్డకు ఆటిజం ఉన్న ఇళ్లలో, తర్వాత పుట్టే పిల్లల్లో సుమారు ఐదుగురిలో ఒకరికి అది కనిపిస్తోంది. నెలలు బాగా తక్కువగా పుట్టడం, తల్లిదండ్రుల వయసు ఎక్కువ కావడం, గర్భంతో ఉండగా వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు వాడటం కొంత ముప్పు పెంచుతాయి. (ఆ మందు వాడేవారు డాక్టరును అడక్కుండా మానేయకండి.) టీకాలు కారణం కావు. ఎంఎంఆర్ టీకాపై (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసేది) అనుమానం రేపిన 1998 నాటి వ్యాసాన్ని ప్రచురించిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. 2019లో డెన్మార్క్‌లో ఆరున్నర లక్షలకు పైగా పిల్లల వివరాలు చూసి, సంబంధం లేదని తేల్చారు.

నా సంగతి చెబుతాను. రెండేళ్లప్పుడు మా బాబు పేరు పెట్టి పిలిస్తే తిరిగేవాడు కాదు. "మగపిల్లలకు మాటలు లేటే, మూడేళ్లు రానివ్వండి" అన్నారు ఒక డాక్టరు. ఆగాం. పోయిన ఆ ఏడాది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. అనుమానం వచ్చిన రోజే పని మొదలుపెట్టాలి, రిపోర్టు చేతికొచ్చేదాకా ఆగక్కర్లేదు. జిల్లా ఆసుపత్రుల్లో, పిల్లల ఎదుగుదల లోపాలను ముందే గుర్తించే డీఈఐసీ కేంద్రాల్లో పరీక్షలు, థెరపీ ఉచితం. అక్కడికీ, సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీకీ (మేధోవైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్రప్రభుత్వ సంస్థ; మనం ఇంకా పాత పేరుతో ఎన్‌ఐఎంహెచ్ అనే అంటాం) కొత్త కుటుంబాలకు తోడుగా వెళ్లాం. యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డుకూ, లక్ష రూపాయల వరకు వైద్యఖర్చు ఇచ్చే నిరామయ బీమాకూ ఫారాలు నింపిపెట్టాం.

ఎక్కువ ఫలితం కనిపించింది మాత్రం ఇంటి ఆటల్లోనే. ఒక అమ్మమ్మగారు మనవడి ముందు చాప మీద కూర్చుని సబ్బు బుడగలు ఊదారు. రెండుసార్లు ఊది, మూత బిగించి, సీసా వాడి చేతిలో పెట్టి ఊరుకున్నారు. వాడు మూత లాగాడు, విసుక్కున్నాడు, చివరికి సీసా ఆవిడ ఒళ్లో పెట్టి మొహంలోకి చూశాడు. ఆవిడ వెంటనే "ఊదు!" అంటూ ఊదారు. ఆ చూపు కోసమే మనం ఇంతసేపు ఓపిక పడతాం. మూడు వారాలకు వాడు "ఊ" అన్నాడు.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. వచ్చే ఏడాది అంగన్‌వాడీ టీచర్లను కలిసి, చిన్నపిల్లల్లో ఏ గుర్తులు గమనించాలో చెబుతాం. బుడగల సీసాలు సంఘం గదిలో ఉన్నాయి, అడిగి తీసుకెళ్లండి.

— కార్యదర్శి