నాన్నగారి క్లెయిమ్ విషయంలో తోడుగా నిలిచినవారికి కృతజ్ఞతలు

2025 ఆరంభంలో మా నాన్నగారికి గుండెకు స్టెంట్లు వేయవలసి వచ్చింది. క్యాష్‌లెస్‌కు (ఆసుపత్రికి బీమా కంపెనీయే నేరుగా బిల్లు కట్టే పద్ధతికి) అనుమతి రాకపోవడంతో ఆసుపత్రి బిల్లు మేమే కట్టి, తర్వాత 4 లక్షల పైచిలుకు మొత్తానికి క్లెయిమ్ పెట్టుకున్నాము. పాలసీ తీసుకునేటప్పుడు బీపీ ఉన్న సంగతి దాచారంటూ బీమా కంపెనీ దాన్ని తిరస్కరించింది. ఆ డబ్బు చివరకు పూర్తిగా చేతికందింది కనుక, అందుకు కారకులైనవారికి నలుగురి ముందు కృతజ్ఞతలు చెప్పుకోవడం మా ధర్మం. పేర్లు వద్దని వారే అన్నారు.

మొట్టమొదట మా కాలనీలోని బాబాయిగారికి. బీమా సంస్థలో క్లెయిమ్‌ల విభాగంలో పనిచేసి రిటైరైన ఆయన, తిరస్కరణ లేఖ చదివి, “ఈ పాలసీ అసలు ఎప్పుడు మొదలైందమ్మా?” అని అడిగారు. 2022లో పాలసీని ఈ కంపెనీకి మార్చుకున్నాము, దీన్నే పోర్ట్ చేయడం అంటారు. అంతకుముందు 2017 నుంచి వేరే కంపెనీలో ఏటా రెన్యువల్ చేయిస్తూ వచ్చాము. 2024 ఏప్రిల్ నుంచి అమలైన, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం, 60 నెలలు ఎడతెగకుండా కొనసాగిన ఆరోగ్య పాలసీలో, మోసం రుజువైతే తప్ప, వివరాలు దాచారన్న కారణంతో క్లెయిమ్‌ను తోసిపుచ్చకూడదు. లోగడ ఈ గడువు 8 ఏళ్లు ఉండేది. పోర్ట్ చేసినప్పుడు పాత కంపెనీలో గడిచిన కాలమూ లెక్కలోకి వస్తుంది. కంపెనీ 2022 నుంచే లెక్కగట్టింది. తర్వాత పెంచుకున్న బీమా మొత్తానికి ఈ 60 నెలల గడువు, పెంచిన నాటి నుంచి మొదలవుతుందని, మా బిల్లు పెంచకముందున్న 5 లక్షల బీమా పరిధిలోనే ఉంది కాబట్టి ఆ పేచీ రాదని కూడా ఆయనే చెప్పారు. బీరువా అడుగున ఉన్న పాత షెడ్యూళ్లన్నీ (ఏటా వచ్చే పాలసీ వివరాల పత్రాలు) తీయించి, ఏడాది వరుసలో పిన్ను కొట్టి, పై కాగితం మీద ఎర్ర సిరాతో 2017 అని వేశారు.

ఆసుపత్రి రికార్డుల విభాగంలోని సోదరికి కూడా రుణపడి ఉన్నాము. కేస్ షీట్‌లో బీపీ పదేళ్లుగా ఉందని పొరపాటున రాసి ఉంటే, 2019లో తొలిసారి బీపీ బయటపడిన నాటి ఓపీ చీటీని వెతికి తీసి, డాక్టరుగారి చేత సవరణ లేఖ ఇప్పించారు.

కంపెనీ తరఫున విచారణకు వచ్చిన యువకుడికి ధన్యవాదాలు చెబుతుంటే కొందరు ఆశ్చర్యపోవచ్చు. దొంగ బిల్లుల భారం చివరికి నిజాయతీగా ప్రీమియం కట్టేవారి నెత్తినే పడుతుంది కాబట్టి విచారణ జరగవలసిందే. మమ్మల్ని అడిగినందుకు మాకు కోపం లేదు. ఆయన మర్యాదగా అడిగి, చూసింది చూసినట్టు రాశారు. ఆ నివేదికను పక్కనబెట్టి అనుమానాన్నే రుజువుగా చూపించడం ఆ పైవారి నిర్వాకం.

కంపెనీ ఫిర్యాదుల అధికారి నుంచి న్యాయం జరగకపోవడంతో బీమా ఫిర్యాదులపై తీర్పు చెప్పే, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించాము. అక్కడ ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, నిజానికి లాయరును పెట్టుకోనివ్వరు కూడా. తిరస్కరణ అందిన ఏడాదిలోగా వెళ్లాలి. 50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం వారికుంది. వీడియోలో జరిగిన విచారణలో నాన్నగారు తెలుగులోనే తన మాట చెప్పుకున్నారు, వారు ఓపికగా విన్నారు. తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది. దానికి కంపెనీ కట్టుబడి 30 రోజుల్లోగా అమలు చేయాలన్నది నియమం, అలాగే చేసింది.

ఈ మధ్యలోనే, ఐఆర్‌డీఏఐ నుంచి మాట్లాడుతున్నామని, రుసుము పంపితే క్లెయిమ్ విడుదల చేస్తామని అమ్మకు ఫోన్ వచ్చింది. అది నియంత్రణ సంస్థ, డబ్బు కట్టమని ఎవరికీ ఫోన్ చేయదు. డబ్బు పంపడానికి వెళ్లిన అమ్మను కౌంటర్ దగ్గరే ఆపి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయించిన బ్యాంకు ఉద్యోగినికి మా నమస్కారాలు.

నాన్నగారు కులాసాగా ఉన్నారు. నవంబరులో పాలసీ రెన్యువల్ చేయించాము. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ ఎత్తివేయడంతో ఆ మేరకు కొంత కలిసివచ్చింది. పాత షెడ్యూళ్ల కట్ట మాత్రం బాబాయిగారు చెప్పినట్టే కొత్త పాలసీతో కలిపి ఉంచాము.